ఆస్పెర్గర్ అన్న పేరు వెనుక ఉన్న వైద్యుడు

మాట బాగా వచ్చి, చదువులో చురుగ్గా ఉండి, తోటి పిల్లలతో మాత్రం కలవలేని పిల్లాడు మన బాగేపల్లి, చింతామణి వైపు ఏ ఊళ్లోనైనా ఉంటాడు. పొగరు అంటారు, పెంపకం అంటారు. కొన్నేళ్ల కిందటి వరకూ డాక్టర్లు చీటీ మీద ఆస్పెర్గర్ సిండ్రోమ్ అని రాసేవారు. అది ఒక మనిషి పేరు.

హాన్స్ ఆస్పెర్గర్ 1906లో ఆస్ట్రియాలో పుట్టారు. వియన్నాలో వైద్యం చదివి, అక్కడి విశ్వవిద్యాలయ పిల్లల ఆసుపత్రిలోనే చేరారు. 1944లో నలుగురు మగపిల్లల గురించి ఒక వ్యాసం అచ్చువేశారు. పెద్దవాళ్లలా మాట్లాడతారు, నచ్చిన ఒక్క విషయాన్నే పట్టుకుంటారు, ఎదుటివాళ్ల మనసులో ఏముందో పోల్చుకోలేరు. వాళ్ల తీరుకు తగ్గట్టు నేర్పితే రాణిస్తారని ఆయన వాదించారు. చాలాకాలం లోకానికి తెలిసింది ఇంతే.

మిగతా సంగతి 2018లో హెర్విగ్ చెక్ అనే చరిత్రకారుడు పాత దస్త్రాలు వెతికి బయటపెట్టారు. అప్పట్లో ఆస్ట్రియా హిట్లర్ చేతిలో ఉంది. పనికిరారని తేల్చిన పిల్లలను వియన్నాలోని ష్పీగెల్‌గ్రుండ్ అనే చోట చంపేవారు. అక్కడ 789 మంది పిల్లలు చనిపోయారు. మెదడు జబ్బుతో ఉన్న హెర్టా ష్రైబర్‌కు అప్పటికి మూడేళ్లు కూడా నిండలేదు. ఆ పాపను అక్కడికి పంపాలని 1941 జూన్‌లో రాసింది ఆస్పెర్గరే. ఐదుగురు ఆరోగ్యమైన పిల్లలను చూసుకోవాల్సిన తల్లికి ఈ బిడ్డ మోయలేని భారం అన్నది ఆయన చూపిన కారణం. సెప్టెంబరు 2న పాప చనిపోయింది. అక్కడ జరిగేది ఆయనకు ఎంతవరకు తెలుసో చరిత్రకారులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. తెలియదంటే నమ్మడం నాకు కష్టం. తెలివి కనిపించిన పిల్లల కోసం చేసిన వాదన, హెర్టా దగ్గరికి వచ్చేసరికి ఆయనకు గుర్తురాలేదు.

యుద్ధం తర్వాత ఆయన వియన్నాలో పిల్లల వైద్యానికి ఆచార్యులయ్యారు. 1980లో గౌరవంగానే పోయారు. మరుసటి ఏడాది ఇంగ్లండులో లోర్నా వింగ్ అనే వైద్యురాలు ఈ లక్షణాలకు ఆయన పేరు పెట్టారు. ఆమె కూతురికీ ఆటిజం ఉండేది. ఆ పేరును అమెరికా మానసిక వైద్యులు 2013లో తమ జాబితా నుంచి తీసి ఆటిజంలో కలిపారు. కారణం ఆయన చరిత్ర కాదు, అది అప్పటికి పెద్దగా బయటికి రాలేదు. రెండింటి మధ్య గీత ఎక్కడ గీయాలో వాళ్లకే కుదరలేదు.

ఇంట్లో పాత చీటీ ఉన్నవాళ్లు కంగారు పడనక్కర్లేదు. పేరు మారినా పిల్లాడు మారడు. బెంగళూరు నిమ్హాన్స్‌లో పిల్లల మానసిక వైద్య విభాగం ఉంది, అక్కడ మళ్లీ చూపించుకోవచ్చు. మన 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో ఆటిజం ఒకటి. ఎక్కాలు గడగడా అప్పజెప్పే పిల్లాడూ, మాటే రాని పిల్లా అందులో ఒకే పేరు కింద ఉన్నారు.