కుండ పగలగొట్టిన చెయ్యి, తీర్మానం పెట్టిన చెయ్యి

ఏప్రిల్ వచ్చిందంటే తెలుగు నేల మీద దళితవాడలకు జయంతుల నెల. 5న బాబూ జగ్జీవన్ రామ్, 14న బాబాసాహెబ్ అంబేద్కర్. చాలా ఊళ్ళ కూడళ్ళలో ఇద్దరి విగ్రహాలూ ఉంటాయి. అంబేద్కర్‌ను చదువుతాం, చర్చిస్తాం. బాబూజీకి దండ వేసి వచ్చేస్తాం. ఆయన గురించి మాట్లాడినా 1979లో ప్రధాని పదవి చేతిదాకా వచ్చి జారిపోయిన సంగతే చెప్పుకుంటాం. ఎమర్జెన్సీలో ఆయన మంత్రిగా గడిపిన పంతొమ్మిది నెలల గురించి మాత్రం పెదవి విప్పం. విప్పాలనే మేము ఇది రాస్తున్నాం.

ఆయన 1908లో బీహార్‌లోని ఆరా దగ్గర చంద్వా గ్రామంలో చమార్ కుటుంబంలో పుట్టారు. ఆరా బడిలో అంటరాని పిల్లల కోసం వేరే మంచినీళ్ళ కుండ పెడితే, ఆ కుర్రాడు దాన్ని పగలగొట్టాడు. మళ్ళీ పెడితే మళ్ళీ పగలగొట్టాడు. చివరికి బడివాళ్ళే వేరే కుండ పెట్టడం మానుకున్నారు. కాశీ విశ్వవిద్యాలయంలోనూ కులం వెంటాడింది. 1931లో కలకత్తాలో బీఎస్సీ పూర్తి చేశారు. 1935లో అఖిల భారత అణగారిన వర్గాల లీగ్ ఏర్పాటులో పాలుపంచుకున్నారు. స్వాతంత్ర్యోద్యమంలో జైలుకెళ్ళారు. 1946 తాత్కాలిక ప్రభుత్వంలో అందరికన్నా చిన్న వయసు మంత్రి ఆయనే. కనీస వేతనాల చట్టం, కార్మిక రాజ్య బీమా చట్టం 1948లో వచ్చినప్పుడు కార్మిక మంత్రి ఆయనే. 1971 యుద్ధకాలంలో రక్షణ మంత్రీ ఆయనే. రాజ్యాంగ సభలోనూ కూర్చున్నారు.

1975 జూన్ 25 రాత్రి ఇందిరాగాంధీ సలహాపై రాష్ట్రపతి ఎమర్జెన్సీ ప్రకటన మీద సంతకం చేశారు. మంత్రివర్గానికి ఆ సంగతి మర్నాడు పొద్దున్నే చెప్పారు. అనుమతి అడగలేదు, అయిపోయిన పని తెలియజేశారు. అప్పటికి వ్యవసాయ మంత్రిగా ఉన్న బాబూజీ అడ్డు చెప్పలేదు. జూలైలో ఆ ప్రకటనను ఆమోదించాలని లోక్‌సభలో తీర్మానం ప్రవేశపెట్టింది కూడా ఆయనే.

నోరు విప్పితే ఆయన్నీ జైల్లో వేసేవారని అభిమానులు అంటారు. అందులో నిజం లేకపోలేదు. కాంగ్రెస్‌లోనే ఉన్న చంద్రశేఖర్‌ను సైతం అరెస్టు చేశారు. కానీ తీర్మానం పెట్టడం మౌనం కాదు. దళిత నాయకుడి చేతుల మీదుగా వచ్చిందంటే అది పేదల కోసమే అనిపించే అవకాశం ఉంటుంది. పాలకులకు కావలసింది అదే.

పేదలకు దక్కిందేమిటి? వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లోనే వచ్చింది, 1955 నాటి అంటరానితనం నేరాల చట్టాన్ని సవరించి పౌరహక్కుల రక్షణ చట్టంగా మార్చిందీ ఆ ఏడాదే. అవి మనకు అవసరమైన చట్టాలే, కాదనం. అయితే 14, 21, 22 అధికరణల కింద కోర్టుకెళ్ళే దారిని రాష్ట్రపతి ఉత్తర్వు అప్పటికే మూసేసింది. మీసా కింద పట్టుకుపోయిన మనిషి కోసం హెబియస్ కార్పస్ వేసినా చెల్లదని 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. అయిదుగురిలో జస్టిస్ ఖన్నా ఒక్కరే కాదన్నారు. అంటే వెట్టి నుంచి విడుదలైన కూలీని అదే రాత్రి పోలీసులు ఎత్తుకుపోతే, ఎందుకని అడిగే కోర్టు లేదు. 1976–77లో దేశంలో 80 లక్షలకు పైగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు జరిగాయి. బలవంతం ఎక్కువగా పడింది ఎదురు చెప్పలేని పేదల మీదే.

1977 జనవరిలో ఎన్నికలు ప్రకటించారు. ఫిబ్రవరి 2న బాబూజీ రాజీనామా చేసి, ఎమర్జెన్సీ ఎత్తేయాలని డిమాండ్ చేశారు. బహుగుణ, నందినీ సత్పతిలతో కలిసి ప్రజాస్వామ్య కాంగ్రెస్ పెట్టారు. కాంగ్రెస్ ఓటమిలో ఆ రాజీనామాకు పెద్ద పాత్రే ఉంది. ఆలస్యమైంది, నిజమే. కానీ అది వృథా కాలేదు. ఆయన మంత్రిగా ఉన్న జనతా ప్రభుత్వం 1978లో 44వ సవరణ తెచ్చింది. ఇక ఎమర్జెన్సీ పెట్టాలంటే మంత్రివర్గ నిర్ణయాన్ని రాష్ట్రపతికి రాతపూర్వకంగా పంపాలి. ‘ఆంతరంగిక అలజడి’ అనే సాకు పోయి ‘సాయుధ తిరుగుబాటు’ వచ్చింది. 20, 21 అధికరణలను ఎమర్జెన్సీలోనూ ఆపకూడదు. జూన్ 26 పొద్దున జరిగినట్టు మంత్రులకు ఆఖర్న చెబితే ఇప్పుడు చెల్లదు.

1986 జూలై 6న ఆయన కన్నుమూశారు. ఆయన్ని తక్కువ చేయడానికి మేము ఇదంతా చెప్పడం లేదు. మనవాడు కుర్చీలో ఉంటే చాలు, మన హక్కులు భద్రం అనుకోవడం ఎంత ప్రమాదమో ఆ పంతొమ్మిది నెలలు చెబుతాయి. ఆ కుర్చీలో ఉన్నది కుండ పగలగొట్టిన మనిషే అయినా సరే. ముందస్తు నిర్బంధానికి రాజ్యాంగంలో చోటు ఇవాళ్టికీ ఉంది. వచ్చే ఏప్రిల్ 5న దండ వేసినప్పుడు, మన హాస్టళ్ళలో 21వ అధికరణ మీద ఒక గంట చర్చ కూడా పెట్టుకుందాం.