వానకు ఓడని తీగ

మాది సిరొంచ. ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే చోటు. ఈ ఒడ్డున మహారాష్ట్ర, ఆ ఒడ్డున కాళేశ్వరం. బడిలో మరాఠీ, ఇంట్లో తెలుగు. మా దిక్కు ముసురు పట్టిందంటే ఓ పట్టాన వదలదు. మొన్న సెలవులకు పోయేసరికి ఇంటి ముందరి కెమెరా మూగబోయి ఉంది. మా అన్న నిచ్చెనేసుకుని ఎక్కి చూశాడు. కెమెరా బాగానే ఉంది, వైరూ బాగానే ఉంది. రెండు వైర్లు కలిసే ప్లగ్గు లోపల మాత్రం పచ్చగా చిలుము పట్టింది. పైన చుట్టిన నల్ల టేపు ఎండకు జిగురు వదిలి ఊడి వేలాడుతోంది. ఎక్కడా చెడని వైరు అతుకు దగ్గర చెడింది.

ఆ చిలుము చూశాక నాకో అనుమానం వచ్చింది. ప్లాస్టిక్కు, రబ్బరు టేపు లేని రోజుల్లో మన వానల్లో తీగలు ఎట్లా నిలిచాయి? ఆ ప్రశ్న వెంట పోతే ఒక డాక్టరు దగ్గర తేలాను. ఆయన పేరు విలియం బ్రూక్ ఓషానెస్సీ. మన దేశంలో తంతి తీగలు వేయించిన మనిషి.

ఆయన 1809లో ఐర్లాండులోని లిమరిక్‌లో పుట్టాడు. ఎడింబరోలో వైద్యం చదివి 1829లో పట్టా పుచ్చుకున్నాడు. 1831లో ఇంగ్లండులో కలరా పడింది. అప్పటికి ఆయనకు ఇరవై రెండేళ్లు. రోగులున్న ఊళ్లకు పోయి వాళ్ల నెత్తురు పరీక్షించాడు. కలరా వచ్చినవాళ్ల నెత్తురులో నీళ్లు, ఉప్పులు తరిగిపోతున్నాయని, వాటిని తిరిగి ఎక్కించాలని రాశాడు. ఆ మాట పట్టుకుని 1832లో థామస్ లట్టా అనే డాక్టరు రోగుల నరాల్లోకి ఉప్పునీళ్లు ఎక్కించాడు. ఇవాళ ఆసుపత్రిలో మనకు ఎక్కించే సెలైను బాటిలుకు మొదలు అక్కడే ఉంది.

ఇంత చేసినా లండన్‌లో ఆయనకు ప్రాక్టీసు కుదరలేదు. 1833లో ఈస్టిండియా కంపెనీ కొలువులో అసిస్టెంట్ సర్జనుగా కలకత్తా వచ్చాడు. 1835లో పెట్టిన మెడికల్ కాలేజీలో కెమిస్ట్రీ పాఠాలు చెప్పాడు. మన దేశపు మందుమొక్కల మీద పెద్ద పుస్తకం కూర్చాడు. గంజాయిని మందుగా ఎట్లా వాడొచ్చో పరీక్షించి ఇంగ్లండు డాక్టర్లకు తెలియజేశాడు. ఇవన్నీ ఒక ఎత్తు. ఆయన పేరు నిలిపిన పని వేరే.

1839లో కలకత్తా దగ్గరి బొటానికల్ గార్డెన్‌లో వెదురు బొంగుల మీద మైళ్ల పొడవున తీగ కట్టి కరెంటుతో కబురు పంపి చూశాడు. హుగ్లీ నది అడుగునుంచీ పంపాలనుకున్నాడు. నీళ్లలో ఉత్త తీగ వేస్తే కరెంటు నీళ్ల పాలవుతుంది. అందుకని తీగకు కీలు పూశాడు, చీల్చిన బెత్తం మధ్య పెట్టాడు, పైన తారు పట్టించిన నార చుట్టాడు. అన్నీ బజార్లో దొరికే సరుకులే. కబురు నది దాటింది. కానీ కంపెనీ దొరలు పట్టించుకోలేదు. పన్నెండేళ్లు ఆ పని మూలన పడి ఉంది.

డల్హౌసీ గవర్నర్ జనరల్ అయ్యాక కదలిక వచ్చింది. 1851లో కలకత్తా నుంచి డైమండ్ హార్బరు దాకా లైను నడిచింది. ఇంగ్లండులో వాడే సన్న తీగ ఇక్కడ పనికిరాదని ఓషానెస్సీ పట్టుబట్టాడు. గాలివానలు, కోతులు, గద్దలు ఇవన్నీ లెక్కలోకి తీసుకున్నాడు. తీగ బదులు వేలి మందాన ఇనుప కమ్మీలు వాడాడు. లావు కమ్మీలో కరెంటు సులువుగా పోతుంది. వానకు కొంత కారిపోయినా మిగిలింది అవతలి కొసకు చేరుతుంది.

భూమిలో వేసిన చోట ఇంకా జాగ్రత్త పడ్డాడు. కమ్మీల కొసలు కాల్చి అతికించి, కరిగిన కీలులో ముంచిన మద్రాసు గుడ్డ రెండు పొరలు చుట్టాడు. కీలు ఒక్కటే అయితే పెళుసై పగులుతుంది, అందుకని మెత్తదనానికి తారు కలిపాడు. దాన్ని కాల్చిన పెంకుల వరసలో పడుకోబెట్టి, మూడు పాళ్ల ఇసుకకు ఒక పాలు గుగ్గిలం లాంటి రెసిన్ కరిగించి పోశాడు. నది దాటే చోట గట్టాపర్చా తొడిగిన తీగను లావుపాటి ఇనుప గొలుసు సందులో ఇమిడ్చాడు, ఓడల లంగరు తగిలినా తెగకుండా. గట్టాపర్చా అంటే మలయా అడవుల్లో చెట్టు పాలతో చేసే పదార్థం. నీళ్లలో ఏళ్ల తరబడి నిలుస్తుంది. ఎండా గాలీ తగిలితే మాత్రం పెళుసెక్కి పగులుతుంది. మా ఇంటి టేపు గతి కూడా అదే కదా.

ఈ పని ఆయన ఒక్కడి చేతుల మీద జరగలేదు. శివచంద్ర నంది అనే బెంగాలీ కుర్రవాడు కలకత్తా టంకశాలలో ఆయన కింద పనికి చేరి ఈ విద్య నేర్చాడు. డైమండ్ హార్బరు కొసన కూర్చుని మొదటి కబురు పంపింది అతనే. తరవాత పద్మా నది అడుగున కేబులు వేయడానికి పెద్ద ఓడ దొరక్కపోతే జాలర్ల పడవలు కుదుర్చుకుని వేయించాడని చెబుతారు. పుస్తకాల్లో దొర పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది, నంది పేరు వెతికితే గానీ దొరకదు. కమ్మీ మోసినవాళ్ల, కీలు కాచినవాళ్ల పేర్లు వెతికినా దొరకవు.

1854లో కలకత్తా నుంచి ఆగ్రాకు ఎనిమిది వందల మైళ్ల లైను ముగిసింది. 1855 ఫిబ్రవరి నుంచి మామూలు జనం కూడా డబ్బు కట్టి తంతి ఇవ్వడం మొదలైంది. బొంబాయి, మద్రాసులకు కబురు పోసాగింది. 1856లో ఓషానెస్సీకి సర్ బిరుదు వచ్చింది.

ఆ మరుసటి ఏడే తిరుగుబాటు లేచింది. సిపాయిలు దొరికిన చోటల్లా తీగలు తెంపారు. అయినా తెగని తీగల మీద పోయిన కబుర్లు కంపెనీకి అక్కరకొచ్చాయి. వానను గెలిచిన తీగ మనవాళ్లను గెలవడానికీ పనికొచ్చింది. అందుకే ఈ జీవితం రాస్తూ రాస్తూ చాలాసార్లు ఆగాను. ఆయన్ని మెచ్చుకోవాలా వద్దా? ఉప్పునీళ్ల ఆలోచన ఎందరి ప్రాణాలు నిలిపిందో లెక్క లేదు. తంతి తీగ ఎవరికోసం వేశారో మాత్రం మరిచిపోకూడదు. రెండూ ఒకే మనిషి చేసినవి. ఒకదాన్ని చెప్పి రెండోదాన్ని దాచడం నాకు సబబనిపించలేదు.

ఆయన 1861లో తన ఇంటిపేరు బ్రూక్ అని మార్చుకున్నాడు. అప్పటికే ఇండియా పని ముగిసింది. తరవాత ఇంగ్లండులోనే ఉండిపోయి 1889 జనవరిలో సౌత్‌సీలో కన్నుమూశాడు. ఆయన మొదలుపెట్టిన తంతి మన దేశంలో 2013 జులైలో ఆగిపోయింది. తంతి వచ్చిందంటే ఎవరో పోయారేమోనని గుండె గుభేలుమనేదని మా అమ్మమ్మ ఇప్పటికీ చెబుతుంది.

ఇక మా కెమెరా సంగతి. అన్న చిలుము పట్టిన ప్లగ్గు కోసేసి కొత్తది వేశాడు. ముందు తనకు తానే అతుక్కుపోయే రబ్బరు టేపు సాగదీసి కింద నుంచి పైకి, ఒక చుట్టు సగం మీద ఇంకో చుట్టు ఎక్కేలా చుట్టాడు. అట్లా చుడితే పెంకుటింటి కప్పులాగా నీరు జారిపోతుంది. దాని మీద ఎండకు ఓర్చే టేపు వేశాడు. అతుకును ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి వైరును డబ్బా అడుగు నుంచి తెచ్చాడు. డబ్బాలోకి ఎక్కే ముందు వైరును కిందికి ఒక వంపు తిప్పాడు. వైరు వెంట జారే చుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది, లోపలికి ఎక్కదు.

అన్నకు ఓషానెస్సీ పేరు తెలియదు. నేను చెప్పలేదు కూడా, కింద నిచ్చెన పట్టుకుని నిలబడ్డా. ఆయన మద్రాసు గుడ్డ రెండు పొరలు చుట్టాడు, మా అన్న టేపు రెండు పొరలు చుట్టాడు. ఆ రాత్రి వాన దంచి కొట్టింది. తెల్లారి చూస్తే తడిసిన మా వాకిలి ఫోనులో స్పష్టంగా కనిపించింది.