ఆ సత్యభామ మగవాడు!

పెళ్ళిచూపుల్లో నేను పాడింది 'మీరజాలగలడా'. 1966లో వచ్చిన 'శ్రీకృష్ణ తులాభారం' సినిమా పాటే కదా అనుకున్నాను. అది రాసిందీ, అంతకు ఎన్నో ఏళ్ళ ముందే సత్యభామ వేషం కట్టి పాడిందీ స్థానం నరసింహారావుగారని ఏర్పేడులో మా అవ్వ చెబితే నవ్వేశాను.

ఆయన 1902లో బాపట్లలో పుట్టారు. తండ్రి పోవడంతో ఇంటిభారం మీదపడింది. ఒకసారి 'హరిశ్చంద్ర'లో చంద్రమతి వేషధారి రాకపోతే ఈయనే చీర కట్టారు. నటన నేర్పే బడులు అప్పుడెక్కడివి? మన ఆడవాళ్ళ నడక, మాట, కొంగు సర్దుకునే తీరు చూసి నేర్చుకున్నారు. తెనాలి రామవిలాస సభ నాటకాలతో పేరు మోగింది. చింతామణి, చిత్రాంగి, మధురవాణి... ఒక్కొక్కరిదీ ఒక్కో తీరు. 1956లో పద్మశ్రీ వచ్చింది. 1971లో కన్నుమూశారు.

ఆ రోజుల్లో పరువుగల ఇంటి ఆడపిల్ల స్టేజీ ఎక్కకూడదనేవారు. మా అవ్వకూ పాట వచ్చు, కానీ అది పెరడు దాటలేదు. చూసి నేర్చుకున్న ఆయన గొప్పవారే, కాదనను. ఆయనకు తెలియకుండానే నేర్పిన ఆడవాళ్ళ పేర్లు మాత్రం ఎవరికీ తెలియవు.

మొన్న మా అమ్మాయి స్కూల్లో సత్యభామ వేషం వేస్తానంది. అవ్వ పట్టుచీర తీసి ఇచ్చాను.