పడటం నేర్పిన గురువు

దేహబలం మనిషికి ఆత్మవిశ్వాసాన్ని ప్రసాదిస్తుంది. అయితే ఆత్మవిశ్వాసానికీ అహంకారానికీ నడుమ ఉన్న గీత చాలా సన్ననిది. గెలిచినకొద్దీ గర్వం పెరుగుతుంది. గర్వం పెరిగినకొద్దీ నేర్చుకొనే శక్తి తరుగుతుంది. యుద్ధవిద్యలను అభ్యసించేవారికి ఈ ప్రమాదం మరీ ఎక్కువ. దీనిని గుర్తించి, ఒక ప్రాచీన యుద్ధవిద్యను శీలాన్ని తీర్చిదిద్దే విద్యగా మలచిన మహనీయుడు జిగోరో కానో. జూడో విద్యకు ఆయనే ఆద్యుడు.

కానో 1860లో జపాను దేశంలోని కోబె నగరానికి సమీపాన మికాగె గ్రామంలో జన్మించాడు. వారిది సంపన్న కుటుంబం. బాల్యంలోనే తల్లి మరణించడంతో తండ్రి ఆయనను టోక్యో నగరానికి తీసుకొనివెళ్ళి మంచి విద్య చెప్పించాడు. కానో చదువులో మేటి, శరీరంలో మాత్రం అర్భకుడు. పెద్దవాడైన తరువాత కూడా ఆయన ఎత్తు సుమారు 5 అడుగుల 2 అంగుళాలే. వసతి పాఠశాలలో బలిష్ఠులైన తోటి విద్యార్థులు ఆయనను తరచు హింసించేవారు. బలహీనుడు కూడా బలవంతుని ఓడించగల జుజుత్సు అనే విద్య ఉన్నదని విని, దానిని ఎలాగైనా నేర్చుకోవాలని ఆయన నిశ్చయించుకొన్నాడు.

ఆ కోరిక తీరడం సులభం కాలేదు. 1868లో జపానులో పాలన మారి, పాశ్చాత్య పద్ధతులకు ఆదరణ పెరిగింది. 1876లో ప్రభుత్వం సమురాయ్ యోధులు ఖడ్గం ధరించడాన్ని నిషేధించింది. పాత యుద్ధవిద్యలు నిరాదరణకు గురయ్యాయి. జుజుత్సు గురువులలో కొందరు విరిగిన ఎముకలు కడుతూ పొట్టపోసుకొనేవారు. కానో అటువంటి వైద్యులను వెదకుతూ తిరిగి, 1877లో ఫుకుదా హచినొసుకె అనే గురువును ఆశ్రయించాడు.

మొదటి రోజులలో కానో ప్రతి పట్టుకూ కారణం అడిగేవాడు. గురువు మాటలతో వివరించక, ఆయనను మళ్ళీ మళ్ళీ ఎత్తి పడవేసేవాడు. ఒళ్ళంతా దెబ్బలతో నిండినా కానో అభ్యాసం మానలేదు. అక్కడ తనకంటే ఎంతో బరువైన ఒక సహాధ్యాయి ఆయనను సులభంగా ఓడించేవాడు. కానో ఆ ఓటమికి కుంగిపోలేదు, అసూయపడలేదు. గ్రంథాలయంలో పాశ్చాత్య మల్లయుద్ధ గ్రంథాలను పరిశీలించి, ప్రత్యర్థిని భుజాలమీదికి ఎత్తి పడవేసే ఉపాయాన్ని కనుగొన్నాడు. కొంతకాలం సాధన చేసి ఆ సహాధ్యాయిని ఓడించగలిగాడు. తనను ఓడించినవాడే తనకు కొత్త పాఠం నేర్పినాడని ఆయన గ్రహించాడు.

ఫుకుదా మరణానంతరం కానో మరికొందరు గురువులవద్ద శిష్యరికం చేశాడు. వారిలో ఈకుబొ త్సునెతొషి ముఖ్యుడు. ఒకనాడు అభ్యాసంలో కానో గురువును పలుమార్లు పడవేశాడు. అంతకుముందు అలా ఎన్నడూ జరగలేదు. ప్రత్యర్థి సమతూకాన్ని ముందుగా చెదరగొట్టి, ఆ తరువాతనే పట్టు ప్రయోగించాలన్న రహస్యాన్ని కానో గ్రహించడమే దానికి కారణం. శిష్యుడు దానిని వివరించగా గురువు నొచ్చుకోలేదు. పడవేసే పట్లలో ఇక తాను నేర్పవలసినది లేదని ఒప్పుకొని శిష్యుని ఆశీర్వదించాడు. ఆ విజయంకంటె గురువు చూపిన ఔదార్యమే గొప్పది.

1882లో, తన ఇరవై రెండవ యేట, కానో టోక్యోలోని ఎయిషో-జి అనే బౌద్ధాలయంలో పన్నెండు చాపల స్థలంలో కొడోకాన్ అనే శిక్షణాలయాన్ని స్థాపించాడు. తొలి సంవత్సరం చేరిన శిష్యులు తొమ్మండుగురే. తన విద్యకు ఆయన జూడో అని పేరు పెట్టాడు. జు అంటే మృదుత్వం, డో అంటే మార్గం. ఒకని బలం పది పాళ్ళు, మరొకని బలం ఏడు పాళ్ళు అనుకొందాం. ఎదురు నిలిస్తే ఏడు పాళ్ళవాడు ఓడక తప్పదు. అతడు ఎదిరించక వెనుకకు ఒదిగితే, తోసినవాడు తన తోపుకు తానే ముందుకు తూలి సమతూకం కోల్పోతాడు. అప్పుడు స్వల్పబలంతోనే అతనిని పడవేయవచ్చు. ఒదగడం పిరికితనం కాదని, అది వివేకమని జూడో నిరూపించింది.

జూడో విద్యార్థి మొదట నేర్చేది ఎదుటివానిని పడవేయడం కాదు; దెబ్బ తగలకుండా తాను పడటం. పడటానికి భయపడనివాడే నిర్భయంగా నేర్చుకోగలడు. అభ్యాసానికి ముందూ తరువాతా ఇద్దరూ ఒకరికొకరు తలవంచి నమస్కరించాలి. తన దేహాన్ని నమ్మి అప్పగించే సహచరుడు లేనిదే ఎవరూ ఈ విద్యను నేర్వలేరు. అందువల్ల తానూ ఇతరులూ కలిసి వృద్ధి పొందాలన్నది కానో బోధించిన ముఖ్యసూత్రాలలో ఒకటి అయింది. శక్తిని సద్వినియోగం చేయాలన్నది మరొకటి. శిష్యుల ప్రగతిని సూచించడానికి ఆయన శ్రేణులను ఏర్పరచాడు. నల్లపట్టీ ధరించేవారి తొలి శ్రేణికి షోదాన్ అని పేరు. ఆ మాటకు తొలిమెట్టు అని అర్థం. లోకం గొప్పగా చూసే నల్లపట్టీ నిజానికి ఆరంభం మాత్రమే.

కానో గొప్ప విద్యావేత్త కూడా. టోక్యో ఉన్నత ఉపాధ్యాయ శిక్షణ కళాశాలకు ఎన్నో సంవత్సరాలు అధ్యక్షత వహించాడు. 1909లో అంతర్జాతీయ ఒలింపిక్ సంఘంలో సభ్యుడై, ఆ గౌరవం పొందిన తొలి ఆసియావాసిగా నిలిచాడు. 1912లో స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌కు జపాను తొలిసారి పంపిన ఇద్దరు క్రీడాకారుల బృందానికి ఆయనే నాయకుడు. ఇద్దరిలో ఎవరికీ పతకం రాలేదు. మారథాన్ వీరుడు ఎండదెబ్బకు సొమ్మసిల్లి పరుగు పూర్తిచేయలేకపోయాడు. అయినా జపాను ప్రయత్నం విరమించలేదు. 1928లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆ దేశం తన తొలి స్వర్ణపతకాన్ని సాధించింది. పడి లేవడమనే పాఠం చాపమీదనుండి మైదానానికి చేరింది. రవీంద్రనాథ ఠాగూరు ఆహ్వానంపై 1929లో కొడోకాన్ గురువు షింజో తకగాకి మన దేశంలోని శాంతినికేతనానికి వచ్చి జూడో నేర్పాడు.

1938లో కైరో నగరంలో ఒలింపిక్ సంఘ సమావేశానికి హాజరై ఓడలో తిరిగివస్తూ, మే 4వ తేదీన కానో తుదిశ్వాస విడిచాడు. 1964లో టోక్యో ఒలింపిక్స్‌లో జూడోకు తొలిసారి స్థానం లభించింది. బరువుతో నిమిత్తంలేని విభాగంలో నెదర్లాండ్స్ వీరుడు ఆంటన్ హేసింక్ జపాను యోధుడు అకియో కమినాగాను ఓడించాడు. తన దేశస్థులు సంతోషంతో చాపమీదికి పరుగెత్తి రాబోగా హేసింక్ చేయెత్తి వారిని ఆపాడు. పిదప ఓడిన ప్రత్యర్థికి తలవంచి నమస్కరించాడు. జపాను ఆనాడు పోటీలో ఓడినా కానో ఆశయం గెలిచింది. నేలమీద పడినవానిని గౌరవించగలిగినప్పుడే గెలిచినవాని బలానికి అందం.