గురజాడ అప్పారావుగారు

సింహాచల దేవస్థానమునకు వంశపారంపర్య ధర్మకర్తలైన విజయనగర ప్రభువుల యాదరణమున వర్ధిల్లిన మహాకవి గురజాడ వేంకట అప్పారావుగారు. వీరు 1862వ సంవత్సరము సెప్టెంబరు 21వ తేదీని, నాటి విశాఖపట్టణ మండలమందలి రాయవరమున జన్మించిరి. చీపురుపల్లిలోను విజయనగరములోను విద్య నభ్యసించి, 1886లో బి.ఏ. పట్టమును బడసి, విజయనగర కళాశాలలో అధ్యాపకులైరి.

ఆ కాలమున కొందఱు తండ్రులు వెల పుచ్చుకొని కుమార్తెలకు వివాహము చేయుచుండిరి. ఆనందగజపతి మహారాజుగారి కొఱకు సిద్ధపఱచిన పట్టికలో, ఈ మండలమున మూడేండ్లలో జరిగిన యిట్టి వివాహములు 1034 అని తేలెను. అందు అయిదేండ్ల బాలికలు 99 మంది. ఏడాది శిశువులు సైతము ముగ్గురుండిరి! ఈ దురాచారమును ఖండించుటకే అప్పారావుగారు కన్యాశుల్క నాటకమును రచించిరి. అది 1892లో ప్రదర్శింపబడి, 1897లో అచ్చుపడెను. 1909లో మిక్కిలి పెంచి తిరుగ వ్రాయబడెను.

ఈ నాటకమున ఇంటిపనికి గల యర్థము గమనింపదగినది. చిన్నపిల్లయగు సుబ్బిని ముసలివాడైన లుబ్ధావధానులకిచ్చుటకు తండ్రి 1800 రూపాయలకు బేరమాడును. ఆ సొమ్ములో సుబ్బికి దమ్మిడీయైన లేదు. పూటకూళ్లమ్మయో, పరులకు వండిపెట్టి జీవించు వితంతువు. పొయ్యియే యామెకు మాన్యము. సంతలో సామాను కొనితెత్తునని గిరీశము ఆమెవద్ద ఇరువది రూపాయలు పుచ్చుకొని, తన విలాసములకు వ్యయపఱచును. అంతట నామె చీపురుకట్ట చేతబట్టి వానిని వెదకికొనుచు వచ్చును. మంచము క్రింద నక్కిన గిరీశము తప్పించుకొనగా, దెబ్బ రామప్పపంతులుకు దగులును. ప్రేక్షకులు కడుపుబ్బ నవ్వుదురు. కాని పురుషుల తగవులు విశాఖపట్టణపు వకీళ్ల వఱకు నడువగా, ఆ నిరుపేద స్త్రీకి చీపురొక్కటియే న్యాయస్థానమయ్యెను గదా! నవ్వు చల్లారిన పిమ్మట ఈ యాలోచన మనసున నిలుచును.

నార్వే దేశపు నాటకకర్త ఇబ్సెను 1879లో వెలువరించిన బొమ్మరిల్లు నాటకమందును ఒక భర్త, ఊలు అల్లుటకంటె బుట్టాపని స్త్రీలకు అందమిచ్చునని సలహా చెప్పును. ఆమె కష్టమును గాక చేతి సొగసును మాత్రమే చూచుట అచ్చటి తప్పు. ఆమె కష్టమును దోచుకొనుట ఇచ్చటి తప్పు.

అప్పారావుగారు 1915వ సంవత్సరము నవంబరు 30వ తేదీని, తమ 53 యేండ్ల వయసున పరమపదించిరి. ఇంటి మాటలను, ఇంటి పనిముట్లను రంగస్థలమెక్కించి గౌరవించినవారు వీరు. బాలబాలికలారా! మీ తల్లి చేతి చీపురును, గరిటెను చూచినపుడు ఆ శ్రమకు వెల యేమని ఒక్క క్షణము తలపోయుడు.