ఇంటింటి గోడనెక్కిన వర్ణాలు: వడ్డాది పాపయ్య

తెలుగు పత్రికలు చదివిన ఒక తరానికి ‘వ.పా.’ అన్న పొట్టి సంతకం చిరపరిచితం. ఆ సంతకానికి కర్త వడ్డాది పాపయ్య. ఆయన 1921 సెప్టెంబరు 10న శ్రీకాకుళంలో జన్మించారు. తల్లి మహాలక్ష్మి, తండ్రి రామ్మూర్తి. ఆనాడు శ్రీకాకుళం మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాకు చెందిన పట్టణం. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు బరంపురం, పర్లాకిమిడి అటు చేరగా శ్రీకాకుళం ఇటే నిలిచింది. అప్పటికి పాపయ్య పదునాలుగేళ్ల బాలుడు. మాటలకూ లిపులకూ ఎల్లలు గీచిన ఆ కాలంలో పెరిగిన ఈ చిత్రకారుని బొమ్మలు తరువాతి కాలంలో ఆ ఎల్లలను సునాయాసంగా దాటిపోయాయి.

తండ్రి చిత్రలేఖన ఉపాధ్యాయుడు. కనుక కుంచెలూ రంగుగిన్నెలూ ఆ ఇంట నిత్యం కనిపించే వస్తువులే. పిల్లవాని చేతికి తొలుత వచ్చినవి పిచ్చిగీతలే అయినా, వాటిని తిట్టి చెరిపించే ఇల్లు కాదది. తండ్రే తొలి గురువు. ఇంటిలో ఉన్న రవివర్మ కోదండరాముని పటం ఆ బాలుని మనసును పట్టివేసింది. అయిదేళ్ల ప్రాయంలోనే ఆ పటం ముందు కూర్చుని, దాన్ని చూస్తూ బొమ్మలు వేయడానికి పూనుకున్నాడని ప్రతీతి.

ఇక్కడ గమనింపదగిన సంగతి ఒకటి ఉన్నది. ఆ బాలుడు చూచినది రవివర్మ స్వహస్తంతో వేసిన తైలవర్ణ చిత్రం కాదు, అచ్చుపటం. రాజాస్థానాలలోని చిత్రాలు సామాన్యుల కంటబడవు. 1894లో బొంబాయిలో రవివర్మ నెలకొల్పిన ముద్రణాలయం దేవతల బొమ్మలను చవకగా అచ్చువేసి దేశమంతటా పంచింది. శ్రీకాకుళంలోని ఒక ఉపాధ్యాయుని ఇంటికి చిత్రకళ వచ్చి చేరినది ఆ మార్గాననే. పాపయ్య తన జీవితమంతా నడిచినదీ ఆ మార్గమే. ప్రదర్శనశాలల కోసం కాక, పత్రికల కోసం ఆయన కుంచె పట్టారు.

రేరాణి, అభిసారిక వంటి పత్రికలలో ఆయన బొమ్మలు వెలువడి పాఠకులను ఆకర్షించాయి. అటుపై యువ, చందమామ, స్వాతి ఆయన చిత్రాలకు నెలవులయ్యాయి. పత్రికకు బొమ్మ వేయడం స్వేచ్ఛగా చిత్రం వేసుకోవడం వంటిది కాదు. గడువు ఉంటుంది, కొలత ఉంటుంది. పైగా ఆనాటి ముద్రణలో ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క బ్లాకు తయారుచేసి, పసుపు, ఎరుపు, నీలం, నలుపులను ఒకదానిపై ఒకటి అద్దేవారు. బ్లాకు వెంట్రుకవాసి జరిగినా ముఖం చెదిరిపోతుంది. సున్నితమైన ఛాయలు మసకబారుతాయి. అట్టి పరిమితిలోనూ ఆయన నీటిరంగులు మెరిశాయి. ఊదా, నారింజ, పసుపు వన్నెలు కలిసి వెలుగుతూంటే, సంతకం చూడకుండానే ఇది వ.పా. బొమ్మ అని పాఠకుడు పోల్చుకునేవాడు.

రవివర్మ ప్రభావంతో మొదలైనా ఆయన అక్కడ ఆగలేదు. విశాలనేత్రాలు, సన్నని నడుము, విలాసంగా ఒరిగిన మేను, నిండైన ఆభరణాలు కలిగిన ఆ స్త్రీమూర్తులు ఆయన సొంత సృష్టి. పురాణగాథలు, ప్రబంధ నాయికలు, రాగరాగిణులు, ఋతువులు ఒక వంక. పొలం పనులు చేసుకునే పల్లెపడుచులు, పండుగ ముంగిళ్లు మరొక వంక. ఆ సౌందర్యం అతిశయోక్తి అన్నవారు లేకపోలేదు. పత్రికలకు వేసే బొమ్మను ఉత్తమ చిత్రకళగా అంగీకరించని వారూ ఉన్నారు. ఆయన వాదులాటకు దిగిన మనిషి కాదు. సభలకూ సన్మానాలకూ దూరంగా ఉండేవారు. పత్రికలకు కేంద్రమైన మద్రాసులో స్థిరపడక, జీవితంలో అధికభాగం కశింకోటలోనే గడిపారు. నేడు అది అనకాపల్లి జిల్లాలోని ఊరు.

మనిషి ఊరు కదలకున్నా బొమ్మ ఊరూరా తిరిగింది. నాగిరెడ్డి, చక్రపాణి 1947 జూలైలో తెలుగు, తమిళ భాషలలో ప్రారంభించిన చందమామ, 1949లో కన్నడానికీ, 1952లో మరాఠీకీ, 1956లో ఒడియాకూ విస్తరించింది. కథ ఏ భాషలో ఉన్నా బొమ్మ ఒక్కటే. దశాబ్దాల పాటు పాపయ్య వేసిన ముఖచిత్రాలు తమిళాన అంబులిమామకూ, మరాఠీలో చాందోబాకూ, ఒడియాలో జన్హమాముకూ శోభ కూర్చాయి. బళ్లారిలోనో, హోసూరులోనో, బరంపురంలోనో బడిలో పరభాష నేర్చుకుంటూ, తెలుగు అక్షరాలు అంతగా రాని తెలుగుబిడ్డకు సైతం ఆ బొమ్మ చదవడానికి లిపి అక్కరలేకపోయింది.

పత్రిక అల్పాయువు. నెల తిరిగేసరికి అది పాతకాగితం. అయినా ఎందరో పాఠకులు ఆయన బొమ్మల పుటలను జాగ్రత్తగా కత్తిరించి, పటం కట్టించి గోడకు తగిలించుకున్నారు. ఒక అచ్చుపటం చూచి చిత్రకారుడైన బాలుని అచ్చుబొమ్మలు మరెన్నో ఇళ్లలో అదే స్థానాన్ని పొందాయి. ఆ ఇళ్లలోని పిల్లలకు చిత్రకళతో తొలి పరిచయం ఆ గోడల మీదనే కలిగింది.

1992 డిసెంబరు 30న వడ్డాది పాపయ్య కన్నుమూశారు. 2013 నాటికి చందమామ ప్రచురణ సైతం నిలిచిపోయింది. పెట్టె అడుగున దాచిన పాత సంచికలు పాడుకాకుండా చూసుకొనవలసిన బాధ్యత ఇక వాటిని దాచుకున్న ఇళ్లదే. చెదలు పట్టిన ఒక్కొక్క పుటతో ఆయన చిత్రశాలలో ఒక్కొక్క గోడ కూలుతుంది. ఆయన తనకంటూ కట్టుకున్న చిత్రశాల పాఠకుల ఇళ్లు తప్ప మరొకటి కాదు.