నక్షత్రాలు దొరికిన ప్లేటు

మూడో ఏడాది సెమినార్‌కి నేను తీసుకున్న టాపిక్ పిక్సెల్ సెన్సార్లు. సెర్న్‌లో అలిస్ ప్రయోగానికి వాడే సిలికాన్ చిప్‌లో ఒక్కో పిక్సెల్ దాదాపు 30 మైక్రాన్లు. కణం ఏ పిక్సెల్ గుండా దూసుకెళ్లిందో చిప్ వెంటనే చెప్పేస్తుంది. స్లైడ్లన్నీ అయ్యాక మా సార్ ఒక్కటే అడిగారు, సిలికాన్ రాకముందు ఎలా చూసేవాళ్లని. నోరు పెగల్లేదు. ఆ రాత్రి వెతుకుతుంటే దొరికిన పేరు మారియెట్టా బ్లౌ.

1894లో వియన్నాలో ఒక యూదు కుటుంబంలో పుట్టారు. అక్కడి రేడియం పరిశోధన సంస్థలో ఏళ్ల తరబడి జీతం లేకుండా పనిచేశారు. ఆమె సెన్సార్ ఏంటంటే, ఫొటో ప్లేటు! ఎమల్షన్‌లోని సిల్వర్ బ్రోమైడ్ రేణువుల గుండా ప్రోటాన్ వెళ్తే, ప్లేటు డెవలప్ చేశాక ఆ దారి పొడవునా నల్ల చుక్కలు తేలతాయి. ఆ రేణువులు మైక్రాన్ కన్నా చిన్నవి, అంటే నేను గొప్పగా చూపించిన పిక్సెల్ కన్నా ఎంతో సన్నం.

1937లో ఆమె, సహచరి హెర్తా వాంబాఖర్ కలిసి ఇన్స్‌బ్రుక్ దగ్గర హాఫెలెకార్ కొండ మీద, 2,300 మీటర్ల ఎత్తున, ప్లేట్లు పెట్టి నెలల తరబడి వదిలేశారు. తర్వాత మైక్రోస్కోప్‌లో చూస్తే ఒకే బిందువు నుంచి నలువైపులా చిమ్మిన గీతలు, అచ్చం నక్షత్రాల్లా. కాస్మిక్ కిరణం ఒక పరమాణు కేంద్రకాన్ని బద్దలుకొట్టిన గుర్తులవి.

మరుసటి ఏడాది మార్చిలో హిట్లర్ సైన్యం ఆస్ట్రియాలోకి వచ్చింది. సరిగ్గా ఆ రోజుల్లోనే బ్లౌ ఓస్లో వెళ్లిపోయారు. వాంబాఖర్ నాజీ పార్టీ సభ్యురాలు. అది చదివాక కాసేపు ల్యాప్‌టాప్ మూసేశా. ఐన్‌స్టీన్ సాయంతో మెక్సికోలో ఉద్యోగమైతే దొరికింది గానీ, పరిశోధనకి అక్కడ సదుపాయాల్లేవు. తర్వాత అమెరికా.

1950 నోబెల్ ఇదే ఎమల్షన్ పద్ధతిని మెరుగుపరిచి, దాంతో కొత్త కణాన్ని పట్టుకున్న సెసిల్ పావెల్‌కి వచ్చింది. పావెల్‌ది చిన్న పనేం కాదు, ఒప్పుకుంటా. కానీ ష్రోడింగర్ ప్రతిపాదించినా బ్లౌ పేరు పక్కన చేర్చలేదు, అదే నా కోపం.

1960లో వియన్నా తిరిగొచ్చి, మళ్లీ జీతం లేకుండానే, సెర్న్ ప్రయోగాల ఫొటోల్లో కణాల జాడలు పరిశీలించే బృందాన్ని నడిపారు. 1970లో ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయారు. ఏ సైన్స్ పత్రికా సంతాప వ్యాసం వేయలేదట.

రెండో రివ్యూకి నా మొదటి స్లైడ్ మార్చేశా. చిప్ బొమ్మ రెండో స్లైడ్‌కి వెళ్లింది.